ఇంజనుకి పక్కేసే మనిషి

ఇంజనుకి పక్కేయడం అనే మాట మీరు విని ఉండరు. ఏ నిఘంటువులోనూ లేదు, నేను వెతికాను కూడా. మా ఎదురింటి షెడ్డులో పుట్టి, ఆ షెడ్డు గడప దాటని మాట అది.

లారీ ఇంజను విప్పితే ఎన్ని ముక్కలవుతుందో తెలుసా? నాకూ తెలియదు, లెక్కపెట్టబోయి రెండుసార్లు తప్పాను. విప్పడం ఒక ఎత్తయితే, ఏ ముక్క ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే తిరిగి పంపడం ఇంకో ఎత్తట. చూడ్డానికి రెండు మూతలు ఒకేలా ఉన్నా, ఇన్నేళ్ళూ కలిసి తిరిగిన చోటే వాటికి కుదురుతుంది. వేరే షెడ్లలో మేకు లాంటి పంచి ఒకటి పెట్టి సుత్తితో కొట్టి, ఒక చుక్క, రెండు చుక్కలు అని గుర్తులు వేసుకుంటారు. ఈ షెడ్డులో ఆ పద్ధతి లేదు. సిమెంటు నేల మీద పాత దుప్పటి పరిచి, ఇంజనులో ఏది ఎక్కడుండేదో దుప్పటి మీద దాన్ని అక్కడే పడుకోబెడతారు. ఫ్యానుండే వైపు దుప్పటి తలాపు, గేరుబాక్సుండే వైపు కాళ్ళు. అదీ పక్కేయడమంటే.

ఆ పక్కేసేది మా వదిన. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆమే.

వదినంటే చుట్టరికమేమీ లేదు. నేను టీచరుగా ఈ వీధికొచ్చిన కొత్తలో, నేనెక్కి వచ్చిన రిక్షా ఇరుసు విరిగితే షెడ్డు మేస్త్రి ఊరికే అతికించిచ్చాడు. డబ్బులు తీసుకోకపోతే మనమేం చేస్తాం? అన్నయ్యా అని పిలిచేశాను. అప్పట్నుంచి ఆయన భార్య నాకు వదినైంది, నన్ను వెక్కిరించే హక్కు కూడా ఆమెకు దఖలుపడింది.

"ఏమే పంతులమ్మా, ఇవాళ ఎంతమంది పిల్లల్ని ఏడిపించావ్?" అనేది బడి నుంచి వస్తుంటే.

"నువ్వెన్ని బోల్టుల్ని ఏడిపించావో చెప్పు ముందు."

"నా బోల్టులు ఏడవవు తల్లీ. స్నానం చేయించి పడుకోబెడతాను."

నిజమే. డీజిలు తొట్టిలో ఒక్కోదాన్నీ పళ్ళు తోమినట్టు బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, దుప్పటి మీద పెట్టేది. పొట్టి మనిషి. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతులదాకా మడిచి, పీట మీద గొంతుక్కూర్చునేది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎంత తోమినా తెల్లబడేవి కావు. కూతురి పెళ్ళి ఫోటోల్లో ఆ రెండు వేళ్ళూ కనపడకుండా పిడికిలి బిగించుకుని నిలబడింది. ఫోటో చూసినవాళ్ళంతా "ఎవర్ని కొట్టబోతోంది ఈవిడ?" అని నవ్వేవాళ్ళు.

ఈ పని ఆమెకెవరూ నేర్పలేదు. పెళ్ళైన మొదటి ఏడు పనివాడు మానేశాడట. అన్నయ్య ఇంజను కింద పడుకుని, విప్పినవి విప్పినట్టు రేకు డబ్బాలో పడేస్తుంటే కొత్తపెళ్ళికూతురు చూసి ఊరుకోలేకపోయింది. "ఇంట్లో చెంచాలే వరసగా పెడతాం. అంత పెద్ద బండి సామానుని డబ్బాలో పోస్తావేమయ్యా, నీకు బుద్ధుందా?" అని లోపలికెళ్ళి, పుట్టింటివాళ్ళు పెట్టిన దుప్పట్లలో ఒకటి తెచ్చి పరిచింది. ఆయన నవ్వాడట. ఆ ఇంజను తిరిగి బిగించి కూర్చోబెట్టేటప్పుడు ఒక్క ముక్కకీ వెతుకులాట లేకపోయేసరికి నవ్వడం మానేశాడట. తర్వాత ఎవరడిగినా ఒకటే మాట, "గుర్తులెందుకయ్యా? మా ఆవిడ ఉందిగా."

ఇదంతా గొప్పగా చెబుతున్నాను గానీ, అసలు చెప్పాల్సింది వేరే ఉంది. నాకే నోరు రావడం లేదు.

రెండేళ్ళ కిందట మొదలైంది. పొద్దున నాకు టీ ఇచ్చి, గ్లాసు తీసుకెళ్ళి, పది నిమిషాలకి ఇంకో గ్లాసు తెచ్చేది. నేను తాగేసేదాన్ని. మూడోది తెచ్చినప్పుడు "నన్ను టీలో ముంచి చంపేస్తావా వదినా?" అన్నాను. ఆమె గ్లాసు వంకా నా వంకా చూసి పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆటపట్టిస్తోందనుకున్నాను. ముప్పయ్యారేళ్ళు క్లాసులో ఎవడు పాఠం మరిచిపోయాడో ఎవడు నటిస్తున్నాడో ముఖం చూసి చెప్పినదాన్ని, ఆ నవ్వు పోల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత కూతురి ఇంటికని బయల్దేరి రెండు వీధుల అవతల పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుండిపోయింది. అన్నయ్య వెళ్ళి తీసుకొచ్చాడు. "ఎండకి కళ్ళు తిరిగాయి దానికి" అన్నాడు. ఇంకోసారి పదమూడో నంబరు పానా అడిగితే పకోడీల జల్లెడ తెచ్చిచ్చింది. "చెవి సరిగా వినపడదు" అన్నాడు. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది, దానికి కొంత తెలుసు, పట్టుబట్టి తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఆ జబ్బుకి పేరు కూడా చెప్పాడు. అన్నయ్య ఆ పేరు ఇంతవరకూ నోటితో పలకలేదు.

సరిగ్గా అప్పుడే పొడుగాయన లారీ వచ్చింది.

పొడుగాయన అంటే ఒక్క బండితో బతికే డ్రైవరు. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఇరవైమూడేళ్ళ బండి. నల్లగా పొగ, గంటకోసారి నూనె పొయ్యడం, ఘాటురోడ్డెక్కితే వెనక సైకిళ్ళు కూడా బెల్లు కొడతాయట.

"మేస్త్రీ, కొత్త ఇంజను కొనే తాహతు లేదు. దీన్నే లేపి నిలబెట్టు. వీలైతే కొండ ఎక్కడానికి కాస్త బలం కూడా పొయ్యి. ఉన్నది ఇంతే," అని గుడ్డ సంచీ బల్ల మీద పెట్టాడు.

అన్నయ్య సంచీ చూడలేదు, ఇంజను వంక చూశాడు. "బ్లాకు బాగుంది. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవేద్దాం. క్రాంకు లేతు మీద సానపట్టిద్దాం. పాత సామాన్ల యార్డులో యాక్సిడెంటు బండి టర్బో ఒకటుంది, అది విప్పి బాగుచేసి దీనికి తగిలిస్తా. డీజిలు పంపు రెండు గీతలు పెంచుతా. అంతకుమించి ఆశపడకు. ముసలోడికి కొత్త ఊపిరితిత్తులు పెడుతున్నాను, పరుగుపందెంలో దింపితే గుండె పగిలి చస్తాడు."

"నేనూ ముసలోణ్ణే మేస్త్రీ, మేమిద్దరం నెమ్మదిగానే పోతాం."

ఆ సాయంత్రం కూతురొచ్చింది. నేనక్కడే ఉన్నాను, వెళ్ళిపోదామని లేస్తే "కూర్చో అత్తా, నువ్వూ విను" అంది.

"నాన్నా, అమ్మని నా దగ్గరికి పంపు. షెడ్డులో డీజిలు తొట్లు, బరువులు. ఏ రోజు ఏం తాగేస్తుందో, ఏం మీద పడేసుకుంటుందో నాకు భయం."

"షెడ్డులోంచి తీసేస్తే దానికి ఏం మిగుల్తుందే?"

"అమ్మకి పని తెలియట్లేదు నాన్నా."

"దానికి పని తెలీదా? ఇదుగో, ఈ ఇంజనుకి పక్కేసేది మీ అమ్మే. ఏ లోటూ లేకుండా ఇంజను కూర్చుందనుకో, నువ్వింక ఈ మాట ఎత్తకూడదు."

కూతురు ఒప్పుకుంది. "సరే. ఒక్క ముక్క అటూ ఇటూ అయినా అమ్మ నాతో వస్తుంది. నువ్వు అడ్డం పడకూడదు."

"అలాగే కానీ," అన్నాడు అన్నయ్య. అంటూ వదిన వంక చూశాడు. ఆమె అవతల దుప్పటి దులుపుతోంది, పొడుగాయన బండికని నీలం పూల దుప్పటి. మా మాటలేవీ చెవిన పడ్డట్టు లేదు.

ఇంజను దింపడం, తిరగేయడం, విప్పడం మూడు రోజులు పట్టింది. అన్నయ్య ఆ మూడు రోజులూ వదిన పక్కనే ఉండి, ఒక్కో ముక్కా చేతికిచ్చి, అది దుప్పటెక్కేదాకా చూసి ఇంకోటి విప్పేవాడు. వదిన హుషారుగా ఉంది. "ఏమయ్యా, కొత్తపెళ్ళికొడుకులా వెంట తిరుగుతున్నావ్?" అని వెక్కిరించింది. రాడ్ల మీద కంపెనీవాడి నంబర్లే ఉన్నాయి, వాటితో పేచీ లేదు. ఇంజను నడుమ తిరిగే ఇరుసుని క్రాంకంటారు; దాన్ని కిందినుంచి పట్టుకునే బేరింగు మూతలు ఏడుంటాయి. వాటి మీద నంబర్లు ఎప్పుడో ఎవరో ఆకురాయితో గీకి చెరిపేశారు. ఆ చివరా ఈ చివరా ఉండేవి రెండూ, నడిమిదీ ఆకారంలో వేరు. మిగతా నాలుగూ కవలపిల్లలు. ఆ మూతలు విప్పేటప్పుడే యార్డు నుంచి టర్బో వచ్చిందని కబురొచ్చింది. అన్నయ్య ఏడు మూతలూ విప్పి వరసగా బల్ల మీద పెట్టి, "ముందుది ముందు పెట్టు" అని చెప్పి, అరగంట బయటికెళ్ళాడు. అంతే. ఆ అరగంటే.

పదిహేను రోజులకి లేతు నుంచి క్రాంకు మెరుస్తూ వచ్చింది. కొత్త బేరింగులు వేసి, నూనె రాసి, క్రాంకుని పడుకోబెట్టి, మూతలు బిగించడం మొదలెట్టాడు. రెండు చివర్ల మూతలూ దుప్పటి మీద తారుమారుగా ఉన్నాయట, తలాపుది కాళ్ళ దగ్గర, కాళ్ళది తలాపు దగ్గర. ఆకారం వేరు కాబట్టి చూడగానే తెలిసిపోయింది. ఏమీ అనకుండా వాటిని మార్చి పెట్టుకుని, మిగతావి దుప్పటి మీదున్న వరసలోనే ఎక్కించాడు. ఇది తర్వాత నాతో ఆయనే చెప్పాడు. "అప్పుడే తెలియాలి టీచరమ్మా. తెలుసుకోబుద్ధి కాలేదు" అన్నాడు.

ఒక్కో మూతా బిగించి క్రాంకుని చేత్తో తిప్పి చూడాలి, వెన్న చిలికినట్టు తిరగాలి. నడిమిది బిగిస్తే తిరిగింది. రెండోది బిగించేసరికి పట్టేసింది. పొడుగు రాడ్డు తగిలించి బలం పెట్టినా కదల్లేదు.

అన్నయ్య నేరుగా క్రాంకు సానపట్టిన లేతాయన మీదికి పోయాడు. వీధంతా వినపడింది.

"ఏం సానపట్టావయ్యా? కళ్ళు మూసుకుని పట్టావా?"

లేతాయన నెమ్మదిమనిషి. కొలత పరికరం పట్టుకుని షెడ్డుకొచ్చి, క్రాంకుని పైకి తీయించి, ఏడుచోట్లా కొలిచి చూపించాడు. తలవెంట్రుకంత తేడా లేదు. "కొలత నాది సరిగ్గానే ఉందన్నా. మూతలు మారాయేమో చూసుకో."

"మూతలు మారడమా? నా షెడ్డులోనా?"

లేతాయన దుప్పటి వంక చూశాడు, తొట్టి దగ్గర కూర్చున్న వదిన వంక చూశాడు, పరికరం పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య మా అరుగు మీదికొచ్చాడు. ఆయన మా ఇంటికి రావడం తక్కువ, వచ్చినా బట్టలకి మసి ఉందని కూర్చోడు. ఆ రోజు కూర్చున్నాడు.

"టీచరమ్మా, నువ్వు తెలుగు చెప్పినదానివి. 'ముందు' అంటే ఏంటి?"

అడిగాడు చూడండి! బడి వదిలి నాలుగేళ్ళైంది, నన్ను తెలుగు మాటకి అర్థం అడిగిన నాథుడు లేడు. పొంగిపోయాను. కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను.

"చాలా చిత్రమైన మాటన్నయ్యా! 'ఇంటి ముందు' అంటే ఎదర అని. 'నీకంటే ముందు వచ్చాను' అంటే మొదట అని. ఒకటి చోటు, ఒకటి కాలం. 'వెనక' కూడా అంతే, వీపు వెనకా వెనకే, వెనకటి రోజులూ వెనకే. ఇంకో తమాషా, 'ముందు జాగ్రత్త' అంటే రాబోయేదాని గురించి, 'అంతకుముందు' అంటే జరిగిపోయిందాని గురించి. ఒకే మాట అటూ పోతుంది, ఇటూ పోతుంది!"

ఆయన ముందుకి వంగాడు. "అంటే... 'ముందుది ముందు పెట్టు' అంటే, ఫ్యాను వైపున్నది తలాపు దగ్గర పెట్టమనీ కావచ్చు, మొదట విప్పినదాన్ని మొదట పెట్టమనీ కావచ్చు. అవునా?"

"భేషుగ్గా కావచ్చు."

"నేను మూతలు గేరుబాక్సు వైపు నుంచి విప్పుకుంటూ వచ్చా. ఫ్యాను వైపు గోడ అడ్డమొచ్చింది. అదీ సంగతి. అది మొదట విప్పినదాన్ని తలాపు దగ్గర పెట్టింది. వరస మొత్తం తిరగబడింది." ఆయన గొంతు తేలికపడింది. "మాటలోనే ఉందన్నమాట తిరకాసు. దాని తప్పేం లేదు."

అక్కడితో ఊరుకోవాలా నేను? ఊరుకుంటే పంతులమ్మనెలా అవుతాను?

"మాటకి రెండర్థాలున్నా ఇబ్బంది రాదన్నయ్యా. ఎక్కడ ఏది తీసుకోవాలో సందర్భం చెబుతుంది. మీరిద్దరూ ముప్పయ్యేళ్ళుగా అంటున్న మాటేగా? సందర్భం మరిచిపోతేనే తికమక."

అనేశాక నా చెవులకే వినపడింది. ఆయన లేచాడు. కూర్చున్న చోట అంటిన మసిని కండువాతో తుడవబోయాడు, అది ఇంకా పులుముకుంది. "సరే టీచరమ్మా" అని వెళ్ళిపోయాడు. నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నన్ను నేనే తిట్టుకుంటూ ఆ మసి వంక చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే పోయాను, ఏదో ఒకటి సర్దిచెబుదామని. అన్నయ్య మూతలన్నీ మొదటున్న వరసలోనే దుప్పటి మీద పెట్టుకుని, తిరగేయబోతున్నాడు. వదిన నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేం పక్కయ్యా? తలాపుది కాళ్ళ దగ్గర పెట్టిందెవరు?"

 అన్నయ్య తలెత్తలేదు.

"నేనే."

"నువ్వా? ఈ వయసొచ్చాక నీకు ఏ వైపు ఏదో తెలీదా?"

"టర్బో గొడవలో పడి తారుమారు చేశాను."

"నేనెక్కడ చచ్చాను? నన్ను పిలవాలా వద్దా?" వదిన వంగి ఆయన చేతిలోంచి మూత లాక్కుంది. "చూడు పంతులమ్మా మీ అన్నయ్య నిర్వాకం! నేను ఒక్కరోజు కళ్ళు మూసుకుంటే ఈయన బండ్లు వెనక్కి నడుస్తాయి."

"నడుస్తాయి వదినా," అన్నాను. ఇంకేమనను?

ఆమె తిడుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. తిట్లు తింటుంటే ఆయన ముఖంలో ఒక నెమ్మది కనపడింది. దెబ్బ తన మీద పడుతోందనేమో. వరస సరిచేశాక అరలోంచి పంచీ సుత్తీ తీశాడు. ఆ పంచి ఎవరో పాత పనివాడు వదిలేసి పోయింది, తుప్పు పట్టి ఉంది. మొదటి మూత మీద ఒక చుక్క కొట్టాడు. రెండోదాని మీద రెండు. ఇనుము మీద సుత్తి దెబ్బ చిన్నదే, షెడ్డంతా మోగింది.

వదిన నోరు ఆగిపోయింది. "గుర్తులు ఎవరికయ్యా?"

మూడు చుక్కలు.

"నిన్నే. ఎవరికి?"

"నాకే," అన్నాడు. "ఈమధ్య నాకేదీ గుర్తుండటం లేదు. మతిమరుపొస్తోంది."

నేను ఆమె వంక చూడలేక వాకిలి వంక చూశాను.  తర్వాత చూస్తే, వదిన ఆయన పక్కన పీటేసుకుని కూర్చుని, నాలుగో మూతని కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"కొట్టు," అంటోంది. "నేను పట్టుకుంటాలే. భయపడకు."

క్రాంకు తిరిగింది, ఒంటిచేత్తో. ఇక ఆ ఇంజను సంగతి చెప్పాలంటే, కూర్చుంది, లేచింది, మొదట కాస్త తెల్లగా దగ్గి, తర్వాత పొగే లేకుండా పాడింది. టర్బో ఈల నాకు మా వీధి చివరి నుంచి కూడా వినపడింది. పొడుగాయన బరువేసుకుని ఘాటెక్కి దిగొచ్చి, "మేస్త్రీ, రెండో గేరు సంగతే మరిచిపోయా, మూడో గేరులో ఎక్కింది!" అని చేతులు పట్టుకుని ఊపేశాడు. అన్నయ్య నవ్వాడు గానీ చేతులు త్వరగా విడిపించుకున్నాడు.

ఆ వారమే కూతురు వచ్చింది. బండి ఇంకా షెడ్డు ముందే ఉంది. "ఎలా కూర్చుంది నాన్నా?" అంది.

ఒక్క అబద్ధం చాలు, పందెం ఆయనదే. వదిన తిట్లకి ఇన్ని రోజులుగా ఆ అబద్ధమే ఆడుతున్నాడు కూడా. కూతురి దగ్గరికొచ్చేసరికి నోరు రాలేదు. "మూతలు మారాయమ్మా," అన్నాడు.

కూతురు గెలిచినదానిలా లేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంట్లోకెళ్ళి తల్లి బట్టలు నాలుగు సంచీలో సర్దింది. వదిన తొట్టి దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎక్కడికే?"

"మా ఇంటికమ్మా. కొన్నాళ్ళు నా దగ్గరుందువుగాని."

"నేనెలా వస్తానే?" వదిన కూతుర్ని చెయ్యిపట్టి గోడ పక్కకి లాగి గొంతు తగ్గించింది. తగ్గించిందని ఆమె అనుకుంది, మాకందరికీ వినపడుతూనే ఉంది. "మీ నాన్నకి బాగాలేదు. ఏది ఎక్కడ పెట్టాడో గుర్తుండట్లేదు. మొన్న ఇంజను పక్క మొత్తం తారుమారు చేశాడు. ఒప్పుకున్నాడు కూడా, పాపం. ఒక్కణ్ణీ షెడ్డులో వదిలి ఎలా వస్తాను? చెయ్యో కాలో పోగొట్టుకుంటాడు."

కూతురు తండ్రి వంక చూసింది. ఆయన పానా తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

"నువ్వేం బెంగపడకు," అంది వదిన. "నేనున్నాగా. నేను కనిపెట్టుకుని ఉంటాను."

కూతురు సంచీ మళ్ళీ లోపలికి తీసుకెళ్ళింది. బట్టలు బీరువాలో పెట్టొచ్చింది. వెళ్ళేటప్పుడు తండ్రితో ఒక్కటే అంది, "తొట్లో డీజిలు వద్దు నాన్నా. సబ్బునీళ్ళు పొయ్యి."

ఆ తర్వాత అన్నయ్య పెద్ద ఇంజన్లు ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళని లేతాయన తమ్ముడి దగ్గరికి పంపేస్తున్నాడు. చిన్నాచితకా పనులు చేస్తాడు, బ్రేకులు, క్లచ్చులు, అలాంటివి. వదినకి పొద్దున్నే ఒక పళ్ళెం నిండా నట్లూ బోల్టులూ ఇస్తాడు. ఆమె సబ్బునీళ్ళలో కడిగి, తుడిచి, సైజులవారీగా దుప్పటి మీద సర్దుతుంది. కొన్ని రోజులు చక్కగా సర్దుతుంది. కొన్ని రోజులు ఒకే బోల్టుని పట్టుకుని మధ్యాహ్నందాకా తుడుస్తుంది. షెడ్డు మూసే ముందు ఆయన వాటినన్నిటినీ కలిపేస్తాడు, తెల్లారితే మళ్ళీ పని ఉండాలిగా. ఎందుకు కలిపాడో ఆమెకి తెలుసు. ఆయన జబ్బే అంత.

ఇప్పుడు ఆమె ఆయనకి రోజూ పరీక్ష పెడుతుంది. డాక్టరు తనని అడిగిన ప్రశ్నలే, ఎక్కడో మిగిలిపోయి ఉంటాయి. "నీ పేరేంటి? మన పెళ్ళెప్పుడైంది? ఇవాళ ఏ వారం?" ఆయన తెలియదంటాడు. కావాలనే అంటాడు. అప్పుడామె ఓపిగ్గా చెబుతుంది. ఆమె ఏది చెబితే అదే ఆ రోజుకి ఖాయం. పెళ్ళి ఒకసారి వానాకాలంలో అవుతుంది, ఒకసారి ఎండాకాలంలో. ఒకరోజు పెళ్ళే కాలేదంది. "మరి నువ్వెవరు?" అన్నాడట ఆయన, నవ్వుతూ. ఆమె ఆలోచించి, "ఇక్కడ పనికొచ్చానుగా" అందట. ఇది నాకు చెబుతున్నప్పుడు ఆయన నవ్వలేదు.

మొన్న పోయాను. నన్ను చూసి వదిన పీట జరిపింది. నా పేరు గానీ వెక్కిరింత గానీ నోటికి రాలేదు, చోటు మాత్రం ఇచ్చింది. ఆయన ఎదురుగా ఒక చక్రం ముందేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు," అంటోంది ఆయన్ని. "ఇవాళేం వారం?"

"నాకేం తెలుసు?"

"రోజూ ఇదే పాట. మంగళవారమయ్యా. మంగళవారం." నా వైపు తిరిగి, "నువ్వైనా చెప్పమ్మా, కాస్త బుర్రకెక్కుతుంది" అంది.

అది శనివారం. తప్పు కనపడితే ఎర్రసిరాతో దిద్దకుండా నిద్రపట్టని దాన్ని, అందరికీ తెలిసిందే. అన్నయ్య చక్రం మీంచి తలెత్తి నా వంక చూశాడు.

"మంగళవారమే అన్నయ్యా," అన్నాను. "ఇవాళంతా మంగళవారమే."

"విన్నావా?" అంది వదిన, ఆయన భుజం మీద ఆ నల్లటి వేళ్ళతో తడుతూ. "రేపు మళ్ళీ అడుగుతాను."

"అడుగు," అన్నాడు. ఆమె చేతిని అక్కడే ఉండనిచ్చి, రెండో చేత్తో నట్టు బిగించుకుంటున్నాడు.